జడ్జమ్మగారి అవును

"ఆ నీళ్ళు మన ఇంటికి వచ్చేసరికి దీనికి తొమ్మిదేళ్ళు నిండుతాయి."

టోస్ట్ మీద వెన్న రాస్తున్న ఉదయ్ చెయ్యి ఆపి భార్య వైపు చూశాడు. నళిని సింకు ముందు నిలబడి, గ్లాసులో పట్టిన నీళ్ళని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తోంది. ఆమె చంకలో ఏడాది పిల్ల జయంతి తల్లి చెవి రింగు పట్టుకుని తనలో తాను ఏదో పాడుకుంటోంది.

"ఏ నీళ్ళు?"

"కొండ అవతల గుంటలో నీళ్ళు. గులకరాళ్ళ నేలలో నీళ్ళు రోజుకి ఒక అడుగు నడుస్తాయి. అక్కణ్ణించి మన బోరుకి మూడు వేల అడుగులు. అంటే ఎనిమిదేళ్ళు."

"అక్కడ ఇంకా ఎవరూ చెత్తే వెయ్యలేదు కదా నళినీ."

"వేస్తేనో? దీనికేం కాదు కదా?"

"ఏం కాదులే."

"ఏం కాదని నీకెలా తెలుసు?"

ఉదయ్ మళ్ళీ టోస్ట్ వైపు తిరిగాడు. పిల్ల పుట్టినప్పటినుంచీ ఆ ఇంట్లో రోజుకి పదిసార్లు వినిపించే ప్రశ్న అదే. తుమ్మితే ఏం కాదు కదా, ఎక్కువసేపు పడుకుంటే ఏం కాదు కదా, అసలు పడుకోకపోతే ఏం కాదు కదా. ఏం కాదు అన్నా ఆమెకి ఊరట ఉండేది కాదు. అనకపోతే అసలే ఉండేది కాదు.

అది 1985 అక్టోబరు. అమెరికాలో సియాటిల్ పక్కనున్న రెడ్‌మండ్‌కి తూర్పున, దేవదారు అడవి అంచున, పది ఇళ్ళకి కలిపి ఒకే బోరుబావి ఉన్న చిన్న వీధిలో వాళ్ళ ఇల్లు. నళిని వాల్తేరులో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదివింది. కాపురానికి వచ్చాక ఒక ల్యాబ్‌లో మూడేళ్ళు నీళ్ళ శాంపిల్స్ పరీక్షించే ఉద్యోగం చేసి, పిల్ల పుట్టాక మానేసింది. ఉద్యోగం మానినా చూపు మారలేదు. అందరూ నీళ్ళు చూసేచోట ఆమెకి నీళ్ళలో కరిగినవి కనిపించేవి. మంచు కమ్మిన పొద్దుటిపూట పాపకి పాలు పడుతూ కళ్ళు మూసుకుంటే, నేలకింద చీకట్లో ఒక సన్నని పాయ గులకరాళ్ళ మధ్యనుంచి దారి వెతుక్కుంటూ, ఏమీ తొందర లేనట్టు, రోజుకి ఒక్క అడుగు వేసుకుంటూ తన ఇంటివైపు వస్తున్నట్టు అనిపించేది. దానికి కాళ్ళు లేవు. అయినా దాని నడక వినపడేది.

భయానికి కారణం లేకపోలేదు. కొండ అవతల పాడుబడ్డ కంకర గుంట ఒకటి ఉంది. దాన్ని చెత్త పూడ్చే చోటుగా మార్చాలని ఒక కంపెనీ చూస్తోంది. తాగునీటి బావులకి మైలు లోపల చెత్త పూడ్చకూడదని ఆ వసంతంలోనే శాసనసభ ఒక చట్టం చేసింది. హమ్మయ్య అనుకునేలోపే ఆ చట్టం నచ్చనివాళ్ళు సంతకాలు పోగుచేశారు. ఈ రాష్ట్రంలో తగినన్ని సంతకాలుంటే ఎంత చట్టమైనా జనం ముందుకి వచ్చి నిలబడాల్సిందే. ఉంచాలో తీసెయ్యాలో జనమే నవంబరులో ఓటేసి చెబుతారు. అలా జనం ముందుకి వచ్చేదాన్ని 'మెజర్' అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నళిని కొలత అనుకుంది. బ్యాలట్‌ని దేనితో కొలుస్తారో అని ఒక పూటంతా ఆలోచించింది.

అదే బ్యాలట్ మీద ఇంకొకటీ ఉంది. ఆ ప్రాంతం నుంచి శాసనసభలో ఉన్న పెద్దాయన వేసవిలో పోయాడు. మిగిలిన ఏడాది కాలానికి ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చే స్పెషల్ ఎలక్షన్. నళినికి అదంత పట్టలేదు. ఏప్రిల్‌లో పౌరసత్వం వచ్చింది, ఇది తన మొదటి ఓటు. ఆ ఓటంతా తీసుకెళ్ళి గుంట నోటికి మూతలా పెట్టాలి. అంతే.

ఓటర్లకి పంపే పుస్తకం పోస్టులో వచ్చింది. అందులో మెజర్ ప్రశ్న చదివిన కొద్దీ జారిపోతోంది. "ఆదివారం జడ్జమ్మగారింటికి వెళ్దాం. ఆవిడకి ఇవన్నీ తెలుసు," అన్నాడు ఉదయ్.

*

నిజానికి రాజేశ్వరమ్మ ఏ కోర్టులోనూ తీర్పు చెప్పలేదు. ఆ రాష్ట్రంలో ప్రతి పోలింగు చోటా ముగ్గురు కూర్చుంటారు. వాళ్ళలో పెద్దని ఇన్‌స్పెక్టర్ అంటారు, మిగతా ఇద్దరినీ జడ్జీలు అంటారు. వచ్చినవాళ్ళ పేరు పుస్తకంలో వెతకడం, సంతకం పెట్టించడం, కార్డు ఇవ్వడం, అది పెట్టెలో పడేలా చూడడం, ఇదే జడ్జి పని. మొదటిసారి ఆ పనికి వేసినప్పుడు ఆమె మురిసిపోయి రేపల్లెలో ఉన్న అన్నగారికి ఒక్క ముక్క రాసింది: "ఇక్కడ నన్ను ఎలక్షన్‌కి జడ్జిగా వేశారు." అన్నగారు వీధి వీధంతా చదివి వినిపించారు. తిరుగు టపాలో వచ్చిన ఏరోగ్రాం మీద "లక్ష్మీసమానురాలైన జడ్జి రాజేశ్వరమ్మగారికి" అని ఉంది. లోపల, పెదనాన్న కొడుకుతో ఉన్న గట్టు తగాదా వివరంగా రాసి, వీలు చూసుకుని ఒక తీర్పు రాసి పంపమని కోరారు.

"అసలు సంగతి రాసేస్తానండీ," అని ఆమె కంగారు పడితే, భర్త సీతారామయ్య కలం లాక్కున్నారట. "ఉండనీవే. ఊరికే వచ్చిన హోదా. మీ పెదనాన్న కొడుకు కూడా కాస్త భయపడతాడు."

అప్పటినుంచి సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆమె జడ్జమ్మగారే.

ఆదివారం వీళ్ళు వెళ్ళేసరికి ఆమె వంటింట్లో కింద పీట వేసుకుని, పుల్లటి పచ్చ యాపిల్స్‌ని ఆవకాయకి ముక్కలు కొడుతోంది. ఇక్కడ మామిడికాయ దొరకదు. పదహారేళ్ళలో ఆమె చేతికి యాపిల్ కూడా మామిడికాయలాగే లొంగిపోయింది. నలభై ఏడేళ్ళ మనిషి, బక్కపలచని ఒళ్ళు, కళ్ళజోడు తాడు మెడలో. జయంతిని చూడగానే కత్తి దూరంగా జరిపి రెండు చేతులూ చాచింది.

"రా తల్లీ రా. మీ అమ్మేంటి, మొహం అలా పీక్కుపోయింది? నువ్వు నిద్రపోనివ్వట్లేదా?"

"దీని తప్పేం లేదాంటీ. నేనే పడుకోవట్లేదు," అంది నళిని.

"నీళ్ళకి కాళ్ళొచ్చాయండీ మా ఇంట్లో," అన్నాడు ఉదయ్.

సీతారామయ్య పేపరు మడిచి నవ్వారు. ఆయన విమానాలు తయారుచేసే ఫ్యాక్టరీలో బొమ్మలు గీసే ఇంజినీరుగా వచ్చి, రెండేళ్ళకే ఆ ఊరి సగం మందితో పాటు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. అప్పుడాయన ఇంటింటికీ తిరిగి టీవీలు బాగుచేశారు. రాజేశ్వరమ్మ ఒక కుట్టు షెడ్డులో స్లీపింగ్ బ్యాగులకి జిప్పులు కుట్టింది. ఎవరెవరో కొండలెక్కి, నక్షత్రాల కింద, ఆమె కుట్టిన జిప్పుల్లో వెచ్చగా పడుకునేవారు. వాళ్ళకి ఆమె తెలియదు. ఆమెకి మాత్రం మంచుకొండ ఎప్పుడు కనిపించినా, అక్కడెక్కడో తన పిల్లలు పడుకున్నట్టే ఉండేది.

నళిని పుస్తకం తెరిచి చూపించింది. "ఆంటీ, ఇది చదవండి. 'తాగునీటి బావులకి మైలు లోపల చెత్త పూడ్చడాన్ని నిషేధించే చట్టాన్ని రద్దు చేయవలెనా?' అవును, కాదు. మీరు దేనికి వేస్తారు?"

"నేను చెప్పను."

"అయ్యో, అదేంటండీ?"

"మంగళవారం ఓట్లు వేసేచోట బల్ల వెనక కూర్చునేది నేనేగా. ఇప్పుడు చెప్పేసి, అప్పుడు నీ మొహం చూసి నవ్వాననుకో. అది కూడా చెప్పినట్టే అవుతుంది."

"నాకే చెప్పదమ్మా," అన్నారు సీతారామయ్య. "ఆరేళ్ళుగా ఈ ఇంట్లో రహస్య బ్యాలట్టే. ఏం కూర వండిందో కూడా మూత తీశాకే తెలుస్తుంది."

"మీరు ఊరుకోండి."

"ఊరుకుంటే ఆ మొదటి ఓటు కథ ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"మీరు చెబితే మసాలా వేస్తారు. నేనే చెబుతాను."

యాపిల్ ముక్కలకి ఆవపిండి పట్టిస్తూ ఆమె చెప్పుకొచ్చింది. రేపల్లెలో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, 1962 ఎన్నికలకి ఆమెకి డ్యూటీ వేశారు. ఆడవాళ్ళ వరసలో సిరా పుల్ల ఆమె చేతిలో. పొద్దున్నుంచి సాయంత్రందాకా వేళ్ళు, వేళ్ళు, వేళ్ళు. పసుపు వేళ్ళు, కొడవలి గాటు పడ్డ వేళ్ళు, మెట్టెలంత మందాన కాయలు కాసిన వేళ్ళు. ఒకామె చుక్క పెట్టించుకుని చాలాసేపు చూసుకుని, "ఇది పోయిందాకా పిండి కలపొచ్చామ్మా?" అని అడిగింది. కలపొచ్చని చెప్పింది. ఆ పిండితో రొట్టెలు తిన్నవాళ్ళందరి కడుపులోకీ ఆ ఓటు కాస్త కాస్త వెళ్ళి ఉంటుందని ఇప్పటికీ అనిపిస్తుందట.

"అలాంటిదాన్ని, ఇక్కడ నా మొదటి ఓటే వెయ్యలేకపోయాను. డెబ్భై తొమ్మిదిలో. అప్పుడూ ఇలాగే, ఎవరో రాజీనామా చేస్తే శాసనసభకి ఒక్క సీటు స్పెషల్ ఎలక్షన్. వాన. పట్టుచీర కట్టుకుని, గొడుగేసుకుని నడిచి వెళ్ళాను. బల్ల దగ్గర కుర్రాడు నా పేరు చూసి, 'యూ హావెంట్ వోటెడ్ యెట్, హావ్ యూ?' అన్నాడు. ఇంకా వెయ్యలేదు కదా అని. వెయ్యలేదు. కాబట్టి అవునన్నాను. 'యస్' అన్నాను గట్టిగా."

నళినికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఉదయ్‌కి ముందే తెలిసి నవ్వు ఆపుకుంటున్నాడు.

"వాడు 'అయితే సరే, థాంక్యూ' అని పుస్తకం మూశాడు. నా వెనక జనం. నేనేమనుకున్నానో తెలుసా? నా పేరుమీద ఎవరో వేసేసి పోయారనుకున్నాను. రేపల్లెలో చూళ్ళేదూ! గొడవ ఎందుకులే అని ఇంటికి వచ్చేశాను."

"వచ్చి, 'ఇక్కడా దొంగ ఓట్లేనండీ' అని చెప్పులు విప్పకుండా ఏడ్చింది," అన్నారు సీతారామయ్య.

"చెప్పులు విప్పాను. ఏడ్చాను, అది నిజమే. ఆ సీటు మూడు ఓట్ల తేడాతో పోయింది. నాదొకటి వేసినా రెండు మిగులుతాయి, మారదు. కానీ నాలాగా అవునని చెప్పి ఇంటికి పోయినవాళ్ళు ఇంకెంతమందో! నెల తర్వాత రక్తపరీక్షకి వెళ్తే నర్సు, 'ఏం తినలేదు కదా?' అంది. 'యస్' అన్నాను. తిన్నావా, పో, రేపు రా అంది. అప్పుడు ఈయనకి వెలిగింది. మన 'అవును' ఎదుటివాడి మాటకి చెప్పే అవును. వాళ్ళ 'యస్' జరిగినదానికి చెప్పే యస్. రెండూ ఒకేలా ఉంటాయి, ఒకటి కావు. ఆ మర్నాడే వెళ్ళి, ఆ బల్ల వెనక కూర్చునే పని నాకివ్వండని పేరు రాయించుకొచ్చాను. తడిమెట్లలాంటి మాటలమ్మా అవి. చూసి అడుగెయ్యాలి."

"నేను జారనాంటీ," అంది నళిని నవ్వుతూ. "సైన్సు చదివినదాన్ని."

రాజేశ్వరమ్మ చెయ్యి కడుక్కుంది. పిల్ల నోట్లో చిన్న యాపిల్ ముక్క, ఆవపిండి అంటనిది, పెట్టింది.

*

మంగళవారం పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, కారు లైట్లు వెయ్యి గజాల నిశ్శబ్దంలో రెండు పాలచుక్కల్లా ఆగిపోయాయి. ఉదయ్ ఆఫీస్‌ నుంచి వస్తూ సాయంత్రం ఓటేస్తానన్నాడు. నళిని అంతదాకా ఆగలేక పిల్లని తీసుకుని డ్రైవ్ చేసుకుంటూ స్కూలుకి వచ్చింది. దారంతా తనకి తానే చెప్పుకుంటోంది: నిషేధం ఉండాలి, నిషేధం ఉండాలి, నిషేధానికి అవును.

స్కూలు వ్యాయామశాలలో బాస్కెట్‌బాల్ రింగు కింద బల్ల వేసి ఉంది. సన్నని అల్యూమినియం కాళ్ళ మీద ఓటు గూళ్ళు వరసగా, మంచులో చేపకోసం నిలబడ్డ కొంగల్లా ఉన్నాయి. ఏలకుల వాసన. ఇన్‌స్పెక్టర్ మిసెస్ హోల్గర్‌సన్ తన నార్వే అమ్మమ్మ పద్ధతిలో ఏలకులు వేసి చేసిన రొట్టె తెచ్చింది. రాజేశ్వరమ్మ పులిహోర తెచ్చింది. ఆరేళ్ళుగా ఆ ఇద్దరూ ఎన్నికలరోజు డబ్బాలు మార్చుకుంటున్నారు.

రాజేశ్వరమ్మ జరీ అంచు చీర మీద ఊలు కోటు, కాళ్ళకి కాన్వాస్ బూట్లు వేసుకుంది. నళినిని చూసి చిరునవ్వు కూడా నవ్వలేదు.

"యువర్ నేమ్ ప్లీజ్?"

నళిని తెల్లబోయి పేరు చెప్పింది. సంతకం పెడుతుంటే మాత్రం, పాత అలవాటుగా, ఆమె కళ్ళు నళిని ఎడమచేతి చూపుడువేలు మీదికి వెళ్ళి వచ్చాయి.

గూటిలో కార్డుని చీలికలోకి తోస్తే, పైన పుస్తకంలా పేజీలు తిరుగుతాయి. గొలుసుకి కట్టిన సూదిలాంటి పుల్ల ఒకటి ఉంటుంది. కావలసిన పేరు పక్కన పొడిస్తే కార్డుకి చిల్లు పడుతుంది. మొదటి పేజీలో శాసనసభ సీటు. పొడిచింది. టిక్. ఎంత చిన్న శబ్దం! రెండో పేజీ తిప్పింది. జయంతి గొలుసు పట్టుకుని లాగింది. "ఉండమ్మా, ఉండు," అంటూ ఎడమచేత్తో పిల్ల వేళ్ళు విప్పుతూ, పేజీ మీద ఇంగ్లీషులో 'నిషేధించే' అన్న మాట కనబడగానే, దారంతా వల్లె వేసుకున్నదే చేతిలోకి వచ్చింది. నిషేధానికి అవును. టిక్.

చిల్లు పడ్డాక వాక్యం చివర చూసింది. రద్దు చేయవలెనా?

చప్పుళ్ళన్నీ దూరమైపోయాయి. కార్డులోంచి రాలిన ఆ చిన్న ముక్క ఎక్కడికో, లోతుగా, పడుతూనే ఉన్నట్టనిపించింది. అది పడ్డచోట నీరు ఊరింది. ఊరి, గులకరాళ్ళ మధ్య దారి చూసుకుని, మొదటి అడుగు వేసింది.

ఒకసారి గుద్దిన ముద్ర చెరపడం ఉండదని ఆమెకి తెలుసు. వాల్తేరులో నాన్న ఓటేసి వచ్చి అలాగే చెప్పేవారు. కార్డుని కవరులో పెట్టి పెట్టెదాకా నడిచింది గానీ చెయ్యి ముందుకి రాలేదు. పిల్లని, కవరుని కలిపి గుండెకి హత్తుకుని నిలబడింది.

"ఈజ్ సంథింగ్ రాంగ్, హనీ?" అంది పెట్టె పక్కన ఉన్న మిసెస్ హోల్గర్‌సన్.

"ఐ మేడ్ ఎ మిస్టేక్... ఇట్స్ ఓకే... ఐ డోంట్ వాంట్ టు మేక్ ట్రబుల్."

తప్పు పోతే కొత్త కార్డు ఇస్తామని, ప్రతి ఎన్నికకీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారని ఆమె నెమ్మదిగా చెప్పింది. నళిని కవరు వైపే చూస్తోంది. వెనక ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

"సో, యూ డోంట్ వాంట్ అనదర్ వన్?"

వద్దా, అని వినిపించింది నళినికి. కాదు, కావాలి. చిన్నప్పటినుంచీ ఆ ప్రశ్నకి ఆమె నోటికి తెలిసిన జవాబు అదే. మొదటి సగం బయటికి వచ్చింది, రెండో సగం గొంతులో ఉండిపోయింది.

"నో," అంది.

"ఆల్ రైట్ దెన్." మిసెస్ హోల్గర్‌సన్ నవ్వుతూ కవరు అందుకుని పెట్టె నోటివైపు తీసుకెళ్ళింది.

పెట్టె నోటిమీద ఒక అరచెయ్యి పడింది. రాజేశ్వరమ్మ గాజులు చప్పుడయ్యాయి.

"మార్గరెట్, వెయిట్. షి సెడ్ నో టు యువర్ డోంట్."

"టు మై వాట్?"

"ఆస్క్ హర్ అగైన్. వితౌట్ ది డోంట్."

మిసెస్ హోల్గర్‌సన్ ఆ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఆరేళ్ళు పులిహోర తిన్న మనిషి కాబట్టి, అర్థం కాకపోయినా ఆగింది. "డూ యూ వాంట్ అనదర్ వన్?"

"యస్," అంది నళిని. "యస్, యస్."

పాడైన కార్డు వేరే కవరులోకి వెళ్ళింది. కొత్తది ఇస్తూ రాజేశ్వరమ్మ మళ్ళీ పరాయిదానిలా, "టేక్ యువర్ టైమ్, మేడమ్," అంది. పిల్లని మాత్రం తను తీసుకుంది. ఈసారి నళిని గూటిలో తలవంచి, పరీక్షలో సమీకరణం రాసుకున్నట్టు, వెంట తెచ్చుకున్న ఓటర్ల పుస్తకం అట్టమీద పెన్సిలుతో బాణాలు గీసుకుంది. రద్దుకి అవును అంటే చట్టం పోతుంది, చెత్త వస్తుంది, నీళ్ళు నడుస్తాయి. కాదు అంటే చట్టం ఉంటుంది. నాలుగుసార్లు చదివి, కాదు పక్కన పొడిచింది. టిక్. ఎక్కడా ఏదీ పడలేదు. బయట మంచులో ఒక కాకి అరిచింది, అంతే.

కవరు పెట్టెలో పడ్డాక, పిల్లని తిరిగి ఇస్తూ రాజేశ్వరమ్మ ఆమె ఎడమ చూపుడువేలి కొనని రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలేసింది. సిరా లేదు గానీ ఆ చల్లదనం ఇంటికి వెళ్ళేదాకా వేలికి ఉంది.

*

రాష్ట్రమంతటా 'కాదు' ఓట్లే ఎక్కువ వచ్చాయి. చట్టం నిలబడింది. శాసనసభ సీటు కూడా ఎవరికీ అనుమానం లేనంత తేడాతో తేలిపోయింది.

ఆ ఆదివారం రాజేశ్వరమ్మ యాపిల్ ఆవకాయ జాడీ పట్టుకుని వచ్చింది. జాడీ కింద పెట్టనివ్వకుండానే నళిని ఆమెని కొండ అవతలికి నడిపించింది. గుంట నిండా వాననీళ్ళు. మధ్యలో నిజం కొంగ ఒకటి, తన నీడమీద తను నిలబడి ఉంది. జయంతి తల్లి భుజం మీద నిద్రపోయింది.

"నా ఓటు లేకపోయినా చట్టం నిలిచేదేనాంటీ," అంది నళిని.

"నిలిచేదే. కానీ ఆ తప్పు చిల్లుతో ఇంటికి వెళ్ళి ఉంటే, నువ్వు ఎనిమిదేళ్ళు దాని అడుగులు వింటూ కూర్చునేదానివి. నాకు ఆ మూడు ఓట్లు ఇప్పటికీ వినపడతాయి."

మంచు పలచబడి, అవతలి ఒడ్డు చెట్లు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతున్నాయి.

"ఇంకెప్పటికీ దీనికేం కాదు కదాంటీ?" అంది నళిని, పిల్ల వీపు నిమురుతూ.

"చూశావా? మళ్ళీ అదే." రాజేశ్వరమ్మ నవ్వింది. "ఏం కాదు కదా! దీనికి నేను అవునంటే ఏమిటి, కాదంటే ఏమిటి? ఏమన్నా నీకు నిద్ర పడుతుందా? ఆ ఉదయ్ పాపం రోజూ ఏమని చెబుతున్నాడో!"

నళిని పిల్లని రెండో భుజం మీదికి మార్చుకుంది. ఆరోజు పెట్టెమీద పడ్డ అరచెయ్యి మళ్ళీ కనబడింది.

ఆ తర్వాత మూడేళ్ళు గడిచాయి. వానలు వచ్చాయి, పోయాయి. జయంతికి నాలుగేళ్ళు. మొన్నొక మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతుంటే నళిని క్లినిక్‌కి ఫోన్ చేసింది. "షి ఈజ్ నాట్ హావింగ్ ట్రబుల్ బ్రీతింగ్, ఈజ్ షి?" అంది నర్సు. నళిని నోటిదాకా వచ్చిన జవాబుని ఆపింది. యస్ అనలేదు, నో అనలేదు. "ఊపిరి మామూలుగా తీసుకుంటోంది. జ్వరం నూట రెండు. ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అని అడిగింది. నర్సు ఏం చెయ్యాలో చెప్పింది. చేసింది. సాయంత్రానికి పిల్ల కిటికీ దగ్గర కూర్చుని మంచుకొండని చూస్తూ పాడుకుంది. ఉదయ్ ఇంటికి వచ్చి, జ్వరం సంగతి విని, "ఏం కాదులే," అనబోయి, ఎవరూ అడగకపోవడం గమనించి ఊరుకున్నాడు.

ఆరోజు గుంట ఒడ్డున, ఆవకాయ జాడీ చంకలో సర్దుకుంటూ, రాజేశ్వరమ్మ చెప్పిన మాట ఇదే:

"బియ్యంలో రాళ్ళేరినట్టు ముందు ప్రశ్నలోంచి ఆ లేదు, వద్దు, కాదు అన్నవన్నీ ఏరెయ్ తల్లీ. మిగిలినదాన్ని అడుగు. దానికి జవాబు చెప్పు."